గడికి అందని సుడి

సిరొంచ రేవులో నిలబడి చూస్తే ప్రాణహిత, గోదావరి కలిసే చోటు గీత గీసినట్టు ఉండదు. వార్ధా, వైన్‌గంగల నీళ్లు మోసుకొచ్చే ప్రాణహితకు కొత్త నీరు వచ్చి, గోదావరికి ఇంకా రాని రోజున రెండు రంగుల నీళ్లు కొంత దూరం పక్కపక్కనే నడుస్తాయి. వాటి మధ్య అతుకు వంకర తిరుగుతుంది. ఆ వంకర చుట్టుకుని సుడి అవుతుంది. సుడి దిగువకు కొట్టుకుపోతూ పక్క సుడిని కలుపుకుంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే గడ్చిరోలి జిల్లా సరిహద్దు పిల్లలకు దీనికి రెండు పేర్లు: సుడి, భోవరా. మరాఠీలో బొంగరాన్ని కూడా భోవరా అనే అంటారు. రెండూ తిరిగేవే, రెండూ చివరికి ఆగిపోయేవే.

అవతలి గట్టున కాళేశ్వరంలో దీన్ని త్రివేణీ సంగమం అంటారు. కంటికి కనిపించేవి రెండు నదులే. మూడోది సరస్వతి, అంతర్వాహిని. 2025 మే నెలలో సరస్వతి పుష్కరాలకు వచ్చినవాళ్లు కనిపించని ఆ నది పేరు చెప్పుకునే మునిగి వెళ్లారు. నది ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కకట్టే వాళ్లకూ ఇలాంటి అంతర్వాహిని ఒకటుంది. అది కనిపించదు, అయినా లెక్కలో లేకపోతే మిగతా లెక్కంతా తప్పుతుంది. దాన్ని సబ్‌గ్రిడ్ అంటారు. లెక్క కోసం నీటినంతా చిన్న చిన్న గళ్లుగా కోస్తారు, ఆ గళ్ల అల్లికే గ్రిడ్. గ్రిడ్‌లోని ఒక గడి కన్నా చిన్నదైన కదలిక అంతా ఆ పేరు కిందకే వస్తుంది.

అసలు అంత చిన్న కదలికతో పనేమిటి? సంగమంలో ఒక పెద్ద సుడిని కాసేపు చూస్తే జవాబు కొంత దొరుకుతుంది. సుడి వాకిలంత ఉంటుంది. దాని అంచున చాటంత సుడులు, చాటంత వాటి అంచున పళ్లెమంతవి, ఆ తర్వాత గోరంతవి, ఆవగింజంతవి. పెద్దది తన శక్తిని చిన్నదానికి ఇస్తుంది, అది ఇంకా చిన్నదానికి ఇస్తుంది. ఆఖరి మెట్టు మీద నీటికి సహజంగా ఉండే జిగట ఆ కదలికను మింగేసి వేడిగా మారుస్తుంది. ఆ వేడి మామూలు థర్మామీటరుకు అందనంత తక్కువ. ఈ మెట్లదారి సంగతి 1922లో లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ చెప్పాడు. 1941లో రష్యన్ గణితజ్ఞుడు కోల్మొగొరోవ్ దానికి కొలతలు కట్టాడు. ఏ మెట్టు మీద ఎంత శక్తి ఉంటుంది, ఆఖరి మెట్టు ఎంత చిన్నది అన్నవి ఆయన లెక్కతోనే అంచనా వేయగలం.

ఆ అంచనా సంగమానికి వేసి చూద్దాం. లోతు 8 మీటర్లు, నీటి వేగం సెకనుకు 2 మీటర్లు అనుకుందాం. వరదలో పెద్ద నదికి ఇది వింతేమీ కాదు. అడుగున ఇసుక రాపిడి మామూలుగా ఉంటే, అతి చిన్న సుడి సైజు సుమారు పావు మిల్లీమీటరు వస్తుంది. కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు ఉన్న నీటిని పావు మిల్లీమీటరు గళ్లుగా కోస్తే ఐదు వేల కోట్ల కోట్ల గళ్లు అవుతాయి. కోటి అన్న మాట రెండుసార్లు పొరపాటున పడలేదు. ప్రపంచంలో ఏ కంప్యూటరూ దీన్ని మోయలేదు. దగ్గర్లో మోసే సూచన కూడా లేదు.

అదే నీటిని అర మీటరు గళ్లుగా కోస్తే ఆరున్నర కోట్ల గళ్లు చాలు. టైమును సెకనులో పదో వంతు చొప్పున ముందుకు జరిపితే ఒక గంట ప్రవాహానికి 36,000 టైము అడుగులు. ఇది ఇవాళ చేయగల పని. వాకిలంత సుడి ఇందులో కనిపిస్తుంది. చాటంతది గడిలోనే మునిగిపోతుంది. పళ్లెమంతది, ఆవగింజంతది సంగతి చెప్పక్కర్లేదు. కనిపించే పెద్ద సుడులను సమీకరణాలతో నేరుగా నడిపించి, కనిపించని చిన్నవాటి బాకీని ఒక నమూనాతో కట్టే పద్ధతే లార్జ్ ఎడ్డీ సిమ్యులేషన్, పొట్టిగా ఎల్ఈఎస్. ఇంకా చవక పద్ధతులు ఉన్నాయి. సుడులన్నిటినీ సగటులో కలిపేసే 1895 నాటి రేనాల్డ్స్ దారి ఒకటి. వరద ఎంత దూరం వస్తుందో తేల్చడానికి చాలాచోట్ల లోతు సగటు తీసిన లెక్కలే వాడతారు, ఆ పనికి అవి చాలు. కానీ వాటిలో అతుకు నున్నగా, ఇస్త్రీ చేసిన గుడ్డలా వస్తుంది. సుడి ఉండదు. పడవ ఎక్కడ తిరగబడుతుందో, రెండు నీళ్లు ఎంత దూరం పోయాక కలుస్తాయో అడిగితే అవి జవాబు చెప్పలేవు.

ఇక్కడ ఒక చిన్న లెక్క దగ్గర ఆగాలి. సబ్‌గ్రిడ్ గొడవంతా దీనిలోనే ఉంది.

ఒక గడి తీసుకోండి. అందులో సగం నీరు సెకనుకు 1 మీటరు, మిగతా సగం 3 మీటర్ల వేగంతో పోతోంది. సగటు 2. కంప్యూటర్‌కు తెలిసేది ఈ 2 మాత్రమే. పక్క గడిలో నీరంతా 2 మీటర్ల వేగంతోనే పోతోంది. దాని సగటూ 2. కంప్యూటర్ కంటికి రెండు గళ్లూ ఒకటే. కానీ నీటి సమీకరణంలో వేగాన్ని వేగంతో గుణించే పదం ఉంటుంది. నీరు తన వేగాన్ని తానే మోసుకుపోతుంది కాబట్టి అది తప్పదు. రెండో గడిలో వేగం వర్గం 4. మొదటి గడిలో 1 వర్గం, 3 వర్గం సగటు తీస్తే 5. సగటు వేగాన్ని వర్గం చేస్తే మాత్రం 4 వస్తుంది. ఈ రెంటికీ మధ్య పోయిన ఆ 1, గడి లోపల దాగిన కదలిక చేసే తోపు. పుస్తకాల్లో దాన్ని సబ్‌గ్రిడ్ ప్రతిబలం అంటారు. అది ఎంతో తెలియాలంటే గడి లోపల చూడాలి. లోపల చూడగలిగితే గడి అవసరమే లేదు. కొత్త సమీకరణం రాసి దాన్ని పట్టుకుందామంటే అందులో వేగం మూడుసార్లు గుణించిన పదం వచ్చి కూర్చుంటుంది. దానికి ఇంకో సమీకరణం కావాలి. ఈ గొలుసుకు చివర లేదు. ఎక్కడో ఒకచోట తెంపి, ఇంతే అనుకుందాం అని చెప్పాల్సిందే.

మరి ఏమని చెప్పాలి? ఈ ప్రశ్న దగ్గరే చాలామంది దారి తప్పుతారు. సబ్‌గ్రిడ్ నమూనా అంటే చిన్న సుడులు ఎలా ఉంటాయో చెప్పే నమూనా అనుకుంటారు. అది అడగకూడని కోరిక. నమూనా నుంచి కావాల్సింది ముఖ్యంగా ఒక్కటే: పెద్ద సుడుల నుంచి దిగే శక్తిని సరైన వేగంతో బయటకు పంపడం. ఆయకట్టు చివర తూము సంగతి తెలిసిన రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. కాలువ తల దగ్గర నీరు వదులుతూనే ఉంటారు. చివర తూము మూసేస్తే నీరు వెనక్కి ఎగదన్నుతుంది, గట్టు తెగుతుంది. తూము బార్లా తెరిస్తే కాలువ అడుగంటుతుంది, మధ్యలో పొలాలకు ఎక్కదు. కంప్యూటర్ నదిలో ఆ చివరి తూము గడి సైజు దగ్గర ఉంటుంది. నమూనా లేకుండా, లెక్క పద్ధతి తనంతట తాను శక్తిని తినకుండా ఉంటే, మెట్లు దిగి వచ్చిన శక్తి గడి సైజు దగ్గర ఆగి పేరుకుంటుంది. పక్కపక్క గళ్లలో వేగం పైకీ కిందికీ రంపం పళ్లలా ఊగుతుంది, కాసేపటికి లెక్కే పేలిపోతుంది. నమూనా మరీ ఎక్కువ లాగితే సుడులే చచ్చిపోయి నది బద్ధకంగా, నున్నగా పారుతుంది. రెండో తప్పు మొదటిదాని కన్నా ప్రమాదం. పేలిపోయిన లెక్క తప్పని అందరికీ తెలుస్తుంది. నున్నగా వచ్చిన బొమ్మ మాత్రం అందంగా ఉంటుంది.

ఈ తూమును మొదట కట్టినవాడు నదుల మనిషి కాదు, వాతావరణం మనిషి. అమెరికా వెదర్ బ్యూరోలో పనిచేసిన జోసెఫ్ స్మగోరిన్‌స్కీ 1963లో భూమి మొత్తం గాలి కదలికను కంప్యూటర్‌లో నడిపిస్తూ దీన్ని రాశాడు. ఆలోచన మూలం ఇంకా వెనక్కి పోతుంది. 1950లో వాన్ నాయ్‌మన్, రిచ్ట్‌మయర్ పేలుడు అలలను గళ్లలో నడిపించడానికి లేని జిగటను తెచ్చి కలిపారు. అల ఎక్కడ నిటారుగా ఉంటే అక్కడ జిగట ఎక్కువ. స్మగోరిన్‌స్కీ దాన్నే సుడులకు మార్చాడు. ఆయన సూత్రాన్ని మాటల్లో చెప్పడం కష్టం కాదు. గడి వెడల్పును ఒక చిన్న స్థిరాంకంతో గుణించి వర్గం చెయ్యి, ఆ చోట వేగం ఎంత త్వరగా మారుతోందో దానితో గుణించు. వచ్చేది ఆ గడికి అరువు జిగట. నీటి పొరలు ఒకదాన్నొకటి గట్టిగా కోసుకునే చోట జిగట పెరుగుతుంది, ప్రశాంతంగా ఉన్నచోట తగ్గుతుంది. అంతే.

అంకెలు వేస్తే ఇది ఎంత పెద్ద జోక్యమో తెలుస్తుంది. సంగమం అతుకు దగ్గర 2 మీటర్ల దూరంలో వేగం 1 మీటరు మారుతోంది అనుకుందాం. గడి అర మీటరు. డగ్లస్ లిల్లీ 1967లో కోల్మొగొరోవ్ కొలతల నుంచే స్థిరాంకం సుమారు 0.17 ఉండాలని తేల్చాడు. అది పెడితే గడిలోని నీటికి వచ్చే అరువు జిగట, మామూలు నీటి జిగటకు 3,600 రెట్లు. అంటే కంప్యూటర్ ఆ అతుకు దగ్గర గోదావరి బదులు దాదాపు తేనెను పారిస్తోంది. స్థిరాంకాన్ని 0.1కి తగ్గిస్తే అది 1,250 రెట్లకు పడుతుంది. అది ఇంచుమించు ఆముదం. స్థిరాంకం వర్గంగా పనిచేస్తుంది కాబట్టి చిన్న మార్పుకే జిగట మూడో వంతుకు దగ్గరగా పడిపోయింది. తేనెలో పుట్టే సుడికీ ఆముదంలో పుట్టే సుడికీ తేడా ఉంటుందని వంటింట్లో ఎవరైనా గరిటె తిప్పి చూసుకోవచ్చు.

ఈ 0.1 ఊరికే ఎంచినది కాదు. 1970లో జేమ్స్ డియర్‌డార్ఫ్ రెండు పలకల మధ్య పారే టర్బ్యులెన్స్‌ను, అంటే సుడులు కలగాపులగంగా తిరిగే ప్రవాహాన్ని, మొదటిసారి ఈ పద్ధతిలో నడిపించాడు. మొత్తం 6,720 గళ్లు. ఇవాళ ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటోలో అంతకు వెయ్యి రెట్లకు పైగా చుక్కలుంటాయి. లిల్లీ చెప్పిన విలువ పెడితే సుడులు నీరసపడుతున్నాయని చూసి ఆయన 0.1 దగ్గర స్థిరపడ్డాడు. లిల్లీ లెక్కలో తప్పేమీ లేదు. అన్ని దిక్కులా ఒకేలా ఉండే, గోడల్లేని టర్బ్యులెన్స్‌కు అది సరైన విలువ. పలకల మధ్య పరిస్థితి వేరు. స్థిరాంకం అని పేరు పెట్టుకున్నది స్థిరంగా లేదన్నది అప్పుడే బయటపడింది.

సంగమంలో ఈ నమూనా తప్పే చోట్లు రెండు. మొదటిది అతుకు మొదలయ్యే చోటు. రెండు నదులు అప్పుడే తాకుతున్న ముక్కు దగ్గర వేగాల తేడా బాగా ఎక్కువ, కానీ సుడులు ఇంకా పుట్టలేదు. గడి లోపల దాగిన కదలిక తక్కువ. స్మగోరిన్‌స్కీ సూత్రం మాత్రం వేగం మార్పును చూసి, ఇక్కడ సుడులు తెగ ఉన్నాయి అనుకుని తేనె పోస్తుంది. దాంతో పుట్టాల్సిన సుడి ఆలస్యంగా, దిగువన పుడుతుంది. ఇసుక తిన్నె మీద కూర్చున్నవాడికి సుడి ఎదుట కనిపిస్తుంటే కంప్యూటర్‌లో అది ఇంకా 50 మీటర్లు పోతే గాని రాదన్నమాట. రెండోది నది అడుగు. అక్కడా వేగం మార్పు తీవ్రంగా ఉంటుంది, సుడులు మాత్రం అడుగు అడ్డు వల్ల చిన్నవైపోతాయి. సూత్రానికి అడుగు ఉన్న సంగతే తెలియదు. అందుకని అడుగుకు దగ్గరయ్యే కొద్దీ జిగటను తగ్గించే మాసికొకటి వేస్తారు, వాన్ డ్రీస్ట్ పేరుతో. అది పనిచేస్తుంది. ఎందుకు అలాగే తగ్గించాలి అంటే మాత్రం అనుభవమే జవాబు.

ఇంకో చిక్కు కూడా ఉంది. శక్తి ఎప్పుడూ పెద్ద నుంచి చిన్నకే దిగుతుందని పైన చెప్పుకున్నాం. సగటున అది నిజం. ఒక్కో చోట, ఒక్కో క్షణంలో చిన్న సుడులు కలిసి పెద్దదానికి శక్తిని తిరిగి ఇస్తాయి. 1991లో పియోమెల్లీ బృందం, చిన్న సుడులను కూడా నేరుగా నడిపించిన పూర్తి లెక్కల డేటాను తీసుకుని, పెద్ద సుడులనూ చిన్నవాటినీ జల్లెడ పట్టి వేరుచేసి చూస్తే, జల్లెడ రకాన్ని బట్టి దాదాపు సగం చోట్ల శక్తి ఎదురెక్కుతూ కనిపించింది. అరువు జిగటకు ఎదురెక్కడం తెలియదు. తేనె ఎప్పుడూ కదలికను ఆపుతుందే తప్ప తనంతట కదిలించదు.

ఇటలీకి చెందిన మాసిమో జర్మానో, పియోమెల్లీ, మొయిన్, కాబట్ కలిసి అదే 1991లో చూపిన ఉపాయం ఈ రంగంలో అన్నిటికన్నా తెలివైనది. స్థిరాంకం ఎంతో మనం చెప్పక్కర్లేదు, నదినే అడుగుదాం అన్నారు. ఎలా? పైన గడిలో 1, 3 వేగాలతో చేసిన లెక్కనే ఒక మెట్టు పైకి జరిపారు. పక్కపక్కన ఉన్న నాలుగు గళ్లు తీసుకోండి. వాటి వేగాలు 1, 3, 2, 2. ఇవి కంప్యూటర్‌కు తెలిసినవే, దాపరికం లేదు. ఇప్పుడు కావాలనే కళ్లు చికిలించి ఈ నాలుగింటినీ ఒకే పెద్ద గడిగా చూడండి. సగటు 2, దాని వర్గం 4. వర్గాల సగటు నాలుగున్నర. తేడా అర. పెద్ద గడి దృష్టిలో ఈ అర దాగిన తోపు. కానీ మన దగ్గర చిన్న గళ్లు ఉన్నాయి కాబట్టి దాని విలువ కచ్చితంగా తెలుసు. నమూనాను పెద్ద గడి మీద ఒకసారి, చిన్న గళ్ల మీద ఒకసారి వాడితే ఆ రెంటి తేడా ఈ అరకు సమానం కావాలి. అలా కావడానికి స్థిరాంకం ఎంత ఉండాలో అదే తీసుకో. అతుకు ముక్కు దగ్గర సుడులు లేకపోతే ఆ తేడా దాదాపు సున్నా, స్థిరాంకమూ సున్నా, తేనె లేదు. అడుగు దగ్గరా అది తనంతట తగ్గుతుంది. వాన్ డ్రీస్ట్ మాసిక అక్కర్లేదు.

కనిపించేదాన్ని కొలిచి కనిపించనిదాన్ని పోల్చుకోవడం ఇది. పక్కింటి పొయ్యి పొగ చూసి వంట అయిందో లేదో చెప్పడం లాంటిది, కాకపోతే ఇక్కడ సమీకరణం ఉంది. దీనికీ ఒక షరతు ఉంది. రెండు మెట్ల మీదా సుడులు ఒకే తీరులో ఉండాలి. అడుగుకు ఆనుకుని ఉన్న గడిలో ఆ పోలిక కుదరదు. పైగా స్థిరాంకం చోటుచోటుకూ విపరీతంగా ఎగిరిపడుతుంది, కొన్నిచోట్ల మైనస్‌లోకి పోతుంది. మైనస్ జిగట అంటే ఎదురెక్కే శక్తి కదా, మంచిదే కదా అనిపిస్తుంది. లెక్కలో అది ఎక్కువసేపు నిలిస్తే గట్టు తెగినట్టే. అందుకే లిల్లీ 1992లో స్థిరాంకం తీసే పద్ధతిని సవరించాడు, అందరూ ఏదో ఒక దిశలో సగటు తీసి నునుపు చేయడం మొదలుపెట్టారు. రెండు పలకల మధ్య అయితే ఆ దిశ సులువుగా దొరుకుతుంది. వంకర గట్లు, తిన్నెలు ఉన్న సంగమంలో ఏ దిశలో సగటు తీస్తారు? 1996లో మెనెవో, లండ్, కాబట్ దీనికి పడవ మనుషులకు నచ్చే జవాబు ఇచ్చారు: నీటితో పాటు కొట్టుకుపోతూ, ఆ దారి వెంట సగటు తియ్యి. సంగమం లాంటి చోటికి ఇప్పటికీ ఇదే సరైన ఎంపిక అనిపిస్తుంది.

తర్వాత వచ్చినవి చాలానే ఉన్నాయి. నికూ, డ్యూక్రో 1999లో ఇచ్చిన వేల్ నమూనా, వ్రెమన్ 2004లో ఇచ్చినది అడుగు దగ్గర లేదా కేవలం కోసుకునే ప్రవాహంలో జిగటను వాటంతట అవే తగ్గిస్తాయి. జర్మానో ఉపాయంలోలా పెద్ద గడితో రెండోసారి చూసే ఖర్చు ఉండదు, అందుకే ఇంజినీర్లు ఇష్టపడతారు. నమూనానే వద్దు, లెక్క పద్ధతిలో సహజంగా జరిగే నష్టమే తూము పని చేస్తుంది అనేవాళ్లు ఉన్నారు. మెషీన్ లెర్నింగ్‌తో స్థిరాంకాన్ని నేర్పించేవాళ్లూ ఉన్నారు. నేర్పించిన నది లాంటి నదికి అది బాగానే చెబుతుంది, కొత్త నదికి తీసుకుపోతే చెప్పలేం.

ఇంతవరకూ చెప్పిన తేనె, ఆముదం తగాదా అతుకు దగ్గర ముఖ్యమే. నది మధ్యలో మాత్రం దాని ప్రభావం అనుకున్నంత ఉండదు. 8 మీటర్ల సుడులున్న చోట అర మీటరు గడి పెడితే, కోల్మొగొరోవ్ కొలత ప్రకారం గళ్లలో మునిగిపోయే శక్తి మొత్తంలో ఆరో వంతు దరిదాపుల్లో ఉంటుంది. 80 శాతం శక్తి నేరుగా కనిపిస్తే దాన్ని మంచి ఎల్ఈఎస్ అనుకోవచ్చని స్టీఫెన్ పోప్ పెట్టిన గురుతు ఉంది. అక్కడ తూము కాస్త అటూ ఇటూ ఉన్నా పెద్ద సుడులు తమ దారిన తాము పోతాయి. అసలు లెక్క తేలేది అడుగున, మొదటి గడిలో.

అడుగుకు ఆనుకున్న అర మీటరు గడిలో వేగం సెకనుకు 1.4 మీటర్లు వచ్చిందనుకుందాం. దాని కింద ఏం జరుగుతోందో గళ్లకు తెలియదు కాబట్టి, లోతుతో పాటు వేగం లాగరిథమ్‌గా పెరుగుతుందన్న పాత నియమంతో అడుగు మీద ఒరిపిడిని లెక్కిస్తారు. ఆ నియమంలో అడుగు గరుకుతనం అన్న ఒక కొలత ఉంటుంది. దాన్ని 1 మిల్లీమీటరు అనుకుంటే ఒరిపిడి సుమారు 10 పాస్కళ్లు. ఇసుక అలలు, మేటలు ఉన్నాయి కదా అని 1 సెంటీమీటరు అనుకుంటే 30 పాస్కళ్లు. ఒక్క అంచనా మారితే జవాబు మూడు రెట్లయింది. అర మిల్లీమీటరు ఇసుక రేణువు కదలడానికి పావు పాస్కల్ చాలు. కదులుతుందా లేదా అన్న ప్రశ్న ఇక్కడ లేనే లేదు. ఎంత కదులుతుంది, ఎక్కడ మేట వేస్తుంది అన్నదే ప్రశ్న. ఇసుక రేవులు వేలం వేసే ఊళ్లలో, గట్టు కోతకు పొలం పోయే ఊళ్లలో ఆ మూడు రెట్ల తేడా చిన్నది కాదు. ఏ సబ్‌గ్రిడ్ నమూనా వాడారో నివేదికల్లో గొప్పగా రాస్తారు. గరుకుతనం ఎంత పెట్టారో చాలాసార్లు అనుబంధంలో వెతుక్కోవాలి.

ఇలాంటి సంగమం లెక్క పాశ్చాత్య నదుల మీద జరిగింది. అమెరికాలోని ఇల్లినాయ్‌లో కాస్కాస్కియా నది, కాపర్ స్లూ అనే వాగు కలిసే చోటు మీద కాన్‌స్టాంటినెస్కు బృందం 2011లో ప్రచురించిన లెక్క బాగా తెలిసినది. వాళ్లు పూర్తి ఎల్ఈఎస్ వాడలేదు. నీటి మధ్యలో సుడులను నడిపించి, అడుగు దగ్గర సగటు పద్ధతికి దిగిపోయే కలగలుపు దారి వాడారు. 1997లో స్పలార్ట్ విమానాల కోసం చెప్పిన ఆలోచన అది. అతుకుకు రెండు పక్కలా, నది పొడవునా మరమేకులా తిరుగుతూ పోయే పెద్ద సుడులు అడుగును గట్టిగా రాస్తాయని అందులో తేలింది. పై నుంచి చూసేవాడికి కనిపించే నిలువు సుడుల కన్నా, కనిపించని ఈ పడుకున్న సుడులే అడుగును ఎక్కువగా తవ్వవచ్చు. ఆ నదులు ప్రాణహిత ముందు పిల్లకాలువల్లాంటివి. కాబట్టి అంకెలు ఇక్కడికి తేలేం, సుడుల తీరు మాత్రం పనికొస్తుంది.

సంగమానికి 20 కిలోమీటర్ల దిగువన మేడిగడ్డ బ్యారేజీ ఉంది. దాని ఒక చివర సిరొంచ తాలూకాలోనే ఆనుతుంది. 85 గేట్లు, వాటి మధ్య పియర్లు, అంటే కాంక్రీటు స్తంభాలు. ప్రతి పియరు ముందు నీరు అడుగుకు దిగి, గుర్రపు నాడా ఆకారంలో పియరును చుట్టే సుడి పుడుతుంది. ఆ సుడిని, గేటు కింద నుంచి దూకే నీటిని లెక్కకట్టడంలో ఎల్ఈఎస్‌కు సాటి లేదు. 2023 అక్టోబరు 21న అక్కడ ఏడో బ్లాకులో పియర్లు కుంగినప్పటి నుంచి, ఇలాంటి సిమ్యులేషన్ ముందే చేసి ఉంటే తెలిసేది కదా అనే మాట వినిపిస్తుంటుంది. జాగ్రత్త పడాల్సిన చోటు ఇది. పునాది కింద ఇసుక గుండా నీరు ఊరుతూ ఇసుకను లాక్కుపోవడం టర్బ్యులెన్స్ లెక్క కాదు. అక్కడ నీరు సెకనుకు మీటర్లలో పోదు, నెమ్మదిగా పాకుతుంది. దానికి వేరే సమీకరణాలు, వేరే కొలతలు కావాలి. పైన నీటి సుడులను ఎంత అందంగా చూపించినా కింద ఊటను అది చూపదు.

గడి సైజు ఎంచడంలోనూ ఒక మెలిక ఉంది. గడిని సగం చేస్తే గళ్లు ఎనిమిది రెట్లు, టైము అడుగులు రెండు రెట్లు, ఖర్చు పదహారు రెట్లు. మామూలు లెక్కల్లో గడి చిన్నది చేస్తూ పోతే జవాబు ఒకచోట నిలబడుతుంది, అప్పుడు నమ్ముతారు. ఎల్ఈఎస్‌లో గడి మారితే నమూనా కూడా మారుతుంది, ఎందుకంటే గడి వెడల్పు సూత్రంలోనే ఉంది. తేనె ఆముదమవుతుంది, ఆముదం ఇంకా పలచనవుతుంది. లెక్క పద్ధతి చేసే తప్పు, నమూనా చేసే తప్పు కొన్నిసార్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని జవాబు సరిగ్గా వస్తుంది. గడి చిన్నది చేస్తే ఒక తప్పు తగ్గి, రెండోది బయటపడి జవాబు పాడవుతుంది కూడా. అందుకే ఒక్క గడి సైజుతో చేసిన రంగుల వీడియో చూపించి ఇదే నిజం అనేవాళ్లను, రెండో గడి సైజుతో ఏమొచ్చిందో అడగడం మర్యాద తప్పినట్టు కాదు.

గడ్చిరోలి మీద పడే వానకూ ఇదే బాధ, ఇంకా పెద్ద సైజులో. 2025 మేలో మన వాతావరణ శాఖ మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గడి 6 కిలోమీటర్లు. ఒక ఉరుము మబ్బు అందులో పూర్తిగా దాగదు, పూర్తిగా కనిపించదు. సగం నేరుగా లెక్కించి, సగం నమూనాకు వదిలితే ఒకే మబ్బును రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం ఉంది. గడి సైజూ సుడి సైజూ ఒకటయ్యే ఈ మధ్య ప్రాంతాన్ని విన్‌గార్డ్ 2004లో తెలియని నేల అన్నాడు. నదిలో 8 మీటర్ల సుడికి 4 మీటర్ల గడి పెట్టినవాడు చేరేదీ అక్కడికే. అలా చేయడం కన్నా సగటు పద్ధతే నిజాయితీగా ఉంటుంది.

సిరొంచ దగ్గర ఎవరైనా ఈ లెక్క మొదలుపెడితే ముందు కొనాల్సింది కంప్యూటర్ కాదు. అక్టోబరులో వరద తగ్గాక శబ్దంతో లోతు కొలిచే ఎకో సౌండర్ కట్టిన పడవతో సంగమం అడుగును గట్టు నుంచి గట్టు వరకు కొలవాలి, అదే పని మళ్లీ ఎండాకాలంలో చేయాలి. కిందటేడు తిన్నె ఉన్న చోట ఈ ఏడు మడుగు ఉంటుంది. జర్మానో ఉపాయం గడి లోపల సుడిని పోల్చుకోగలదు గాని, గడి అడుగునున్న ఇసుక వానాకాలంలో ఎటు జరిగిందో దానికి తెలిసే దారి లేదు.